ఆట కాగితంలో లేని పదమూడో నియమం

కొత్తగా సాంఘికశాస్త్రం చెప్పడానికి చేరిన టీచర్లలో చాలామందికి ఒక కాగితం అంది ఉంటుంది. ఒకే పేజీ. పైన కొండకోట బొమ్మ, దాని కింద ‘బల్లమీద యుద్ధం ఆడించి చరిత్ర నేర్పే పద్ధతి’ అని శీర్షిక, ఆ కింద పన్నెండు నియమాలు. ఆ పన్నెండూ రాసింది నేనే. పోయిన నెల మా మేనకోడలు తన ఫోనులో ఆ కాగితం చూపించి, “అత్తా, భలే ఉండాది, రేపు మా తొమ్మిదో తరగతికి ఆడిస్తా” అంది. నాకు చేతిలో ఉన్న టీ ఒలికింది. అది ఇంకా తిరుగుతోందని నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. మీరు ఆడించే ముందు చదవండి, కోపం వస్తే నన్ను తిట్టుకోండి.

నా సర్వీసులో చివరి ఆరేళ్లూ బెళుగుప్ప వైపు ఒక ఊరి హైస్కూల్లో గడిచాయి. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అనంతపురంలో బస్సెక్కితే కల్యాణదుర్గంలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. దారి పొడవునా గాలిమరలు తిరుగుతుంటాయి. బస్సులో కూర్చుంటే నోట్లోకి ఎర్రమన్ను వస్తుంది. పిల్లలు శెనక్కాయ పీకే రోజుల్లో బడికి రారు, మిగతా రోజుల్లో వచ్చి నిద్రపోతారు. నా పాఠానికి మరీ నిద్రపోతారు. రాజుల వరుస, యుద్ధాల సంవత్సరాలు చెబుతుంటే నాకే ఆవలింతలు వచ్చేవి, వాళ్లననడం దేనికి?

ఒక శిక్షణ తరగతిలో ఎవరో కుర్ర టీచరు బల్లమీద యుద్ధాల ఆట గురించి చెప్పాడు. గడుల పటం, సేనలు, పాచిక, వంతులు. మన పిల్లలకు పులి మేక ఆట వచ్చు కదా, ఇదెంత అనిపించింది. ఇంటికొచ్చి అట్ట మీద ఆరు మూలల గడులు గీశాను. మన జిల్లాలో కోటలకు కొదవ లేదు కాబట్టి నడుమ ఒక కొండకోట పెట్టాను. కోటలోని దళాలకు గురివింద గింజలు, ముట్టడించే దళాలకు చింతపిక్కలు, నీళ్లకు నీలం గుండీలు. కోట గోడ బయట, కొండ అడుగున ఒక ఊట గడి. కోటవాళ్లు వంతుకు రెండు గుండీలు ఆ ఊట నుంచి పైకి తెచ్చుకోవచ్చు. దళానికి వంతుకొక గుండీ ఖర్చు. ఎదుటివాళ్లు ఊట గడిలో కూర్చుంటే ఇక గుండీలు రావు. అంతే. మన కొండకోటలు ఫిరంగులకన్నా దాహానికే ఎక్కువ లొంగాయని చెప్పడానికి అంతకన్నా సులువైన దారి నాకు కనబడలేదు.

నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాను: నీళ్లు ఎవరి చేతిలో ఉంటే గెలుపు వాళ్లది. పిల్లలు నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. యూనిట్ పరీక్షలో అడిగాను, అందరూ రాశారు. నా జన్మలో అందరూ సరిగ్గా రాసిన జవాబు అదొక్కటే.

తరగతి లేచి కూర్చుంది. పక్క గదిలో లెక్కల మాస్టరు గోడ మీద కొట్టి, “మేడం, ఈ పొద్దు ఎన్ని కోటలు కూల్చినారప్పా? మా త్రికోణాలు కూడా కూలిపోతాండాయి!” అని అరిచేవాడు. హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి చూసి, ఏమీ అనకుండా పోయేవాడు. ఆయన దేనికీ ఏమీ అనడు, అదే ఆయన ఉద్యోగ రహస్యం. నేను మాత్రం గాలిలో తేలుతున్నాను. అవును, గర్వపడ్డాను, దాచుకోవడం ఎందుకు?

ఇద్దరు పిల్లల గురించి చెప్పాలి. ఒకడు ఊళ్లో నీళ్లు వదిలే ఆయన కొడుకు. బడి వెనకే నీళ్ల ట్యాంకు, దాని కింద రెండు వాల్వులు. ఒకటి ఊరికి, ఒకటి ఊరవతలి కాలనీకి. నాలుగు రోజులకొకసారి వంతు. పొడుగాటి ఇనుప కడ్డీతో వాళ్ల నాయన వాల్వు తిప్పేవాడు, ఆయనకు కుదరకపోతే వీడు తిప్పేవాడు. చదువులో వీడి పేరు ఎప్పుడూ చివరే. అట్ట ముందు కూర్చోబెడితే మాత్రం వేరే మనిషి. మొదటిరోజే అందరూ గోడ మీదికి దూకుతుంటే వీడొక్కడు పిక్కలన్నీ ఊట చుట్టూ పేర్చి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఐదు వంతుల్లో కోట పడిపోయింది. నేను చప్పట్లు కొట్టి, నా పెన్ను తీసి వాడి జేబుకు పెట్టాను. తొమ్మిదేళ్ల చదువులో ఆ పిల్లవాడికి ఎవరైనా ఏదైనా ఇవ్వడం అదే మొదలంట.

రెండోది కాలనీ నుంచి వచ్చే పాప. ఆరోజు కోట సేనాపతి తనే. ఓడిపోయాక గింజలు ఏరుతూ అడిగింది.

“మేడం, కోటలో ఆడోళ్లు, చిన్న పిల్లోళ్లు ఉంటారు గదా? వాళ్లకి గుండీలు యాడ?”

“వాళ్లు యుద్ధం చేయరు కదమ్మా.”

“నీళ్లయితే తాగుతారు గదా మేడం. మాయమ్మకిప్పుడు ఏడో నెల. పొద్దుకు కడవెడు తాగుతాది.”

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. “ఆటలో అవన్నీ పెడితే తెమలదు, కూర్చో” అన్నాను. మంచి ప్రశ్న అడిగిన పిల్లను కూర్చోబెట్టడంలో నాకు ముప్పయ్యేళ్ల అనుభవం ఉంది.

ఇంతలో జిల్లా నుంచి ఒక అధికారి మా ఆట చూడడానికి శుక్రవారం వస్తున్నారని కబురు వచ్చింది. హెడ్మాస్టరు బడికి సున్నం కొట్టించాడు. నేను రెండు జట్లు తయారు చేయాలి. ఇక్కడే నా తెలివి చూడండి. సాయంత్రాలు ఇళ్ల దగ్గర సాధన చేసుకోవాలి కదా, అట్టలు రెండే ఉన్నాయి, కాబట్టి ఊళ్లో పిల్లలంతా ఒక జట్టు, కాలనీ పిల్లలంతా ఇంకో జట్టు అన్నాను. ఒక అట్ట ఊళ్లోకి, ఒక అట్ట కాలనీకి. ఎంత వీలుగా ఉందో అనుకున్నాను. ఆ నేలలో పుట్టి పెరిగినదాన్ని, పిల్లలను వీధుల వారీగా చీల్చి ఇద్దరి నడుమా నీళ్లు పెట్టాను. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

సోమవారం ఒకసారి ఆడించి చూశాను. ఆ పాప ఈసారి గోడ వెనక దాక్కోలేదు. రెండు దళాలను ఊట గడిలోనే నిలబెట్టి, మిగతావాళ్లతో గుండీలు పైకి మోయించింది. పిల్లవాడి పిక్కలు ఊట దగ్గరికి పోనేలేదు. చిత్తుగా ఓడాడు. కాలనీ పిల్లలు బల్లలు చరిచారు. వాడు తల దించుకుని నా దగ్గరికి వచ్చాడు. నేనేమన్నానో అక్షరం మరిచిపోలేదు.

“ఊట వదిలేసినావు కాబట్టే ఓడినావు. నీళ్లు పట్టుకున్నోణ్ని ఎవరూ ఓడించలేరు. శుక్రవారం లోపల బాగా ఆలోచించుకో.”

వాడు ఆలోచించుకున్నాడు.

శుక్రవారం పొద్దున నేను పట్టుచీర కట్టుకుని వచ్చాను. ధర్మవరం చీర, మా ఆడపడుచు కూతురి పెళ్లికి కొన్నది. పన్నెండు నియమాల కాగితం టైపు చేయించి, అధికారి రాగానే చేతికిచ్చాను. పిల్లలు వరుసగా కూర్చున్నారు. కాలనీ జట్టులో నలుగురు రాలేదు. ఆ పాప గంట కొట్టాక వచ్చింది. మోకాళ్ల దాకా ఎర్రమన్ను, పెదాలు పగిలిపోయి, జడ వేసుకోకుండా. నాకు ఒళ్లు మండింది.

“ఈరోజైనా తల దువ్వుకొని రాకూడదా? సార్లొచ్చింది కనపడలేదా?” అని అందరి ముందూ కసిరాను. ఆ పిల్ల నేరుగా వెళ్లి అట్ట ముందు కూర్చుంది.

ఆట మొదలైంది. పాప చేతులు ఎక్కడో, మనసు ఎక్కడో. మూడో వంతుకే పిల్లవాడు ఊట గడిలో పిక్క పెట్టాడు. అధికారి ముందుకు వంగి ముచ్చటగా అడిగారు. “ఏం బాబూ, యుద్ధంలో గెలవాలంటే ఏం చేయాలి?”

వాడు లేచి నిలబడి నల్లబల్ల మీది వాక్యం గడగడా అప్పజెప్పాడు. అంతటితో ఆగలేదు. నా వైపు చూసి, ఇంటి పని పూర్తిచేసిన పిల్లలు చూస్తారే, అట్లా చూసి చెప్పాడు.

“ఈడనే కాదు సార్, ఊళ్లో గూడా ఆడినాము. మా నాయనకి జరమొచ్చింటే మంగళారం నేనే పోయినా. కాలనీ వాల్వు తిప్పలే. వాళ్లు ఈ పొద్దు లొంగిపోతారు సార్.”

అధికారి పెద్దగా నవ్వారు. అదేదో పిల్లవాడి చమత్కారం అనుకున్నారు. “చూశారా, చరిత్రను నిజజీవితానికి అన్వయిస్తున్నాడు!” అని చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు కొట్టాడు. గది మొత్తం కొట్టింది. నా చేతులు కూడా రెండుసార్లు కలిశాయి. అప్పుడు ఆ పాప పెదాలు చూశాను. మోకాళ్ల మీది మన్ను చూశాను.

లేచి ఆ పాప దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాను. “నిజమేనామ్మా?”

“మంగళారం నీళ్లు రాలే మేడం. మోటారు కాలిందేమో అనుకున్నాము. ఎప్పుడూ కాల్తానే ఉంటాది గదా.”

“మరి మీరు నీళ్లకి?”

“తోట బోరుకాడికి పోతాండాము.” గుండీలు ఒకటొకటిగా పక్కకు పెడుతూ చెబుతోంది. “ఈ పొద్దు మాయమ్మ రెండు కడవలెత్తుకొని గట్టు మీద జారి పడింది. రగతం పోయింది మేడం. ఆటోలో కల్యాణదుర్గం ఆస్పత్రికి తీసకపోయినారు.”

“మే! మీయమ్మ ఆస్పత్రిలో ఉంటే నువ్వు బడికెందుకొచ్చినావే?”

ఆ పాప తలెత్తి చూసింది. ఇంత తెలిసిన విషయం ఈమె ఎందుకు అడుగుతుందా అన్నట్టు.

“రాకుంటే లొంగిపోయినట్ల గదా మేడం. ఏడో నియమం.”

సేనాపతి బల్ల దగ్గర లేకపోతే కోట లొంగిపోయినట్టే. నేనే రాశాను. పిల్లలు ఆట మధ్యలో లేచి మంచినీళ్లకని పోకుండా రాసిన నియమం అది.

పాపను పీఈటీ సారు బండెక్కించి, నేరుగా ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాను. అధికారి భోజనానికి లేచారు.

వరండాలో నేను సంగతి చెప్పగానే హెడ్మాస్టరు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం అదే మొదటిసారి వినడం.

“మేడం, గమ్మునుండండి. మోటారు కాలిందనుకుంటాండారు, అనుకోనీ. ఈ మాట బయట పడితే ఆ నీళ్లాయన పని పోతాది, పిల్లోణ్ని కొడతారు, ఊరు రెండైతాది. మీకు రిటైర్మెంటు పదకొండు నెలలుండాది. నాకు పిల్లలుండారు.”

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. నాకు భయం వేసింది కూడా. పిల్లవాణ్ని వెతుక్కుంటూ వెళ్లాను. వాడు అట్ట ముందే కూర్చుని ఉన్నాడు.

“ఆట ఐపోయిందా మేడం? ఎవురు గెల్చినారు?”

“కడ్డీ తీసుకొని నడువు” అన్నాను.

ట్యాంకు దగ్గర వాడికి చెప్పాను, ఆ పాప తల్లి సంగతి. వాడు మొదట నమ్మలేదు. “వాళ్లు లొంగిపోతే ఇడుద్దామనుకున్యా మేడం. వాళ్లెవురూ రాలేదే, అడగలేదే” అన్నాడు. నాలుగు రోజులుగా వాడు ఎదురుచూస్తున్నాడు, కాలనీ వాళ్లు తెల్లజెండా పట్టుకొస్తారని. ఆట మొదలైందని వాళ్లకు తెలియదన్న మాట వాడికి తట్టనే లేదు. తట్టినాక ముఖం తెల్లబోయింది. కడ్డీ పెట్టాడు, జారింది, మళ్లీ పెట్టాడు. పట్టుచీరతోనే వంగి నేనూ పట్టుకున్నాను. ఐదేళ్లు ఆ ట్యాంకు నీడలో పాఠాలు చెప్పాను, ఆ వాల్వు ఎట్లా ఉంటుందో అప్పుడే చూశాను. నాలుగు చుట్లు. ఎంత బరువు!

కాలనీలో అప్పటికే కుళాయిల దగ్గర కడవలు కొట్టుకుంటున్నాయి. నేను వాణ్ని వెంటబెట్టుకుని పోయి నిలబడి చెప్పేశాను. మోటారు కాలలేదని, ఈ పిల్లవాడు తిప్పలేదని, తిప్పకుండా ఉంటే గెలుస్తావని నేర్పింది నేనేనని. కొట్టాలనుకుంటే నన్ను కొట్టమని. ఒకాయన పిల్లవాడి మీదికి వచ్చాడు, అడ్డం నిలబడ్డాను. పాప చిన్నాయన ఇంట్లోంచి అట్ట తెచ్చి నా కళ్ల ముందే నాలుగు ముక్కలు చేశాడు. గురివింద గింజలు బురదలోకి దొర్లాయి.

పాప వాళ్ల అవ్వ మాత్రం అరవలేదు. ఆ ముక్కల్లో ఒకటి తీసుకుని కోట ఉన్న చోట వేలు పెట్టింది.

“ఏమ్మా టీచరమ్మా, ఈ ఆటలో మేము యాడుండాము?”

కోట లోపల గురివింద గింజలకే చోటు గీశాను. ఆమె ఇంకా వేలు తీయలేదు. “మీకు గింజలు పెట్టలేదవ్వా” అన్నాను. ఆమె తల ఊపింది. తర్వాత పిల్లవాడి వైపు తిరిగి, “నిలబడి చూస్తావేంరా, ఆ కడవెత్తు” అంది. వాడు ఇంటింటికీ మోశాడు, ఎవరూ వద్దనలేదు.

సాయంత్రానికి కబురొచ్చింది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది, తల్లికి గండం తప్పింది, బిడ్డను అనంతపురం పెద్దాస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ఉంటుందో లేదో చెప్పలేమన్నారు. ఆరోజు నుంచి నలభై రోజులు నేను బడి వదలగానే ఆ ఆస్పత్రి దగ్గర దిగి చూసి ఇంటికి పోయేదాన్ని. చేతులు నా వేలంత ఉండేవి. హెడ్మాస్టరు భయపడినంత జరగలేదు, కాస్త జరిగింది. ఊరివాళ్లు కాలనీవాళ్లు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. నీళ్లాయన పని మాత్రం పోలేదు. ఆ అవ్వే పంచాయతీకి పోయి అడ్డం పడిందంట.

అధికారి నివేదికలో మా బడికి మెప్పు వచ్చింది. నిజజీవిత అన్వయం చక్కగా ఉందని రాశారు. నేనిచ్చిన కాగితం అన్ని బళ్లకూ పంపించారు. జరిగింది మొత్తం రాసి, దీన్ని ఆపండి, లేదంటే ఇంకో నియమం చేర్చండి అని ఉత్తరం పెట్టాను. పేజీకి మించకూడదని, పేజీలో పన్నెండే పడతాయని జవాబు వచ్చింది. నేను ఆ జవాబు పట్టుకుని నవ్వానో ఏడ్చానో లెక్కల మాస్టరును అడగాలి, ఆయన పక్కనే ఉన్నాడు. మళ్లీ రాయాల్సింది. రాయలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాను. అది నా రెండో తప్పు.

నెల దాటాక ఆ పాప బడికి వచ్చింది. వచ్చినరోజే నా బల్ల దగ్గర నిలబడి, “మేడం, అట్ట మళ్లీ గీయండి” అంది. నేను అదిరిపడ్డాను. ఇంకెప్పుడూ దాన్ని ముట్టనని ఒట్టేసుకున్నాను.

“వద్దమ్మా, ఆ పాపిష్టి ఆట మనకొద్దు.”

“మీరు సగమే చేసినారు మేడం” అని, ఓణీ కొంగు విప్పి దోసెడు జొన్నలు బల్ల మీద పోసింది. నోటు పుస్తకంలోంచి ఒక కాగితం తీసింది. కోటలో ఉండేవాళ్ల పేర్లంట. కాలనీలో ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది. దాని పైన తనే ఒక నియమం రాసింది. మీ దగ్గరున్న కాగితంలో పన్నెండో నియమం కింద దీన్ని మీ చేత్తో ఎక్కించుకోండి. చోటు లేకపోతే నా పేరున్న చోట కొట్టేసి రాయండి.

‘13. కోటలో ఉండే అందరికీ గింజలు పెట్టాల. వాళ్లు గూడా నీళ్లు తాగుతారు. ఊట గడిలో పిక్క పెట్టేవాళ్లు ముందు వాళ్ల పేర్లన్నీ గట్టిగా చదవాల.’

అట్ట గీశాను. ఎదుటి సేనాపతిగా ఎవరు అంటే ఎవరూ లేవలేదు. ఆ పాప వాణ్నే పిలిచింది. వాడు వచ్చి కూర్చుని, మూడో వంతులో ఊట దాకా వచ్చి, పిక్క పట్టుకుని కాగితం చదవడం మొదలుపెట్టాడు. ఆ పాప వాళ్ల అవ్వ పేరు చదివాడు. అమ్మ పేరు చదివాడు. చివరి వరుస దగ్గర ఆగాడు. అక్కడ పేరు లేదు. ‘మా చెల్లెలు, ఇంగా పేరు పెట్టలే’ అని ఉంది.

“ఇంగా ఆస్పత్రిలోనే ఉండాదా?” అన్నాడు, నన్ను కాదు, ఆ పాపను.

“ఉండాది. చదువు.”

చదివాడు. చదివి పిక్క జేబులో వేసుకోబోయాడు. ఆ పాప వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

“చదివినావు గదా. ఇప్పుడు పెట్టు, చూద్దాం.”

ఆ బిడ్డ బతికింది. ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది, నన్ను చూస్తే చీర పట్టుకుని వదలదు. కానీ ఆ మధ్యాహ్నం మాకెవరికీ ఆ సంగతి తెలియదు. గంట కొట్టేదాకా తరగతి కదల్లేదు, వాడు ఆ పిక్కను కింద పెట్టలేదు.